మీకు తెలుసా? టెలోమియర్ కొలతలో ఎన్ని తిరకాసులో!

‘కాస్త రక్తం ఇవ్వండి చాలు, మీ ఒంటి అసలు వయసెంతో చెప్పేస్తాం’ అనే ప్రకటనలు ఇంటర్నెట్‌లో తరచూ కనిపిస్తుంటాయి. వాటిలో కొన్నిటికి ఆధారం టెలోమియర్. మన కణాల్లోని క్రోమోజోముల కొసల్ని కాపాడే డీఎన్ఏ భాగం ఇది. వయసు పైబడేకొద్దీ పొట్టిబడుతుందన్నది నిజమే. ఆ ఒక్క నిజాన్ని పట్టుకుని ఒత్తిడి, పేదరికం, నిద్రలేమి, పొగతాగడం లాంటివి ఒంటిని ఎంత అరగదీస్తాయో వేలమందిలో లెక్కగట్టాలని పరిశోధకులు రెండు దశాబ్దాలకు పైగా ప్రయత్నిస్తున్నారు. తీరా అంకె చేతికొచ్చాక, అది దేన్ని చెబుతోందో తేల్చుకోవడమే అసలు కష్టమవుతోంది. ఎందుకంటారా? ఈ విశేషాలు చూడండి.

1. ఆరే అక్షరాలు, వేలసార్లు

మనిషి కణంలో 46 క్రోమోజోములు. ఒక్కోదానికి రెండు కొసలు కాబట్టి మొత్తం 92 టెలోమియర్లు. అన్నిటిలోనూ ఉండేది టీటీఏజీజీజీ అనే ఆరక్షరాల వరుసే, వెంటవెంటనే వేలసార్లు. పుట్టినప్పుడు రక్తకణాల్లో వీటి సగటు పొడవు సుమారు 10 వేల బేస్ జతలు (డీఎన్ఏ పొడవును ఈ జతల్లోనే లెక్కిస్తారు). కణం రెండుగా చీలిన ప్రతిసారీ డీఎన్ఏకు నకలు తీసే యంత్రాంగం చిట్టచివరిదాకా పోలేదు. కొసన కొంత తరిగిపోతుంది. మనిషి కణాల్ని ప్రయోగశాలలో పెంచితే ఇంచుమించు 50 సార్లు చీలి ఆగిపోతాయని లెనార్డ్ హేఫ్లిక్ 1961లో చూపించారు. ఆ ఆగిపోవడం వెనక ఈ కొసల తరుగుదల ఉండొచ్చని 1971లో సోవియట్ శాస్త్రవేత్త అలెక్సీ ఒలోవ్నికోవ్ ఊహించారు. అప్పటికి టెలోమియర్‌లో ఏ అక్షరాలుంటాయో ఎవరికీ తెలియదు.

2. మంచినీటి సూక్ష్మజీవికి నోబెల్‌లో వాటా

టెలోమియర్ అక్షరాలను మొదట చదివింది మనిషిలో కాదు, చెరువుల్లో బతికే టెట్రాహైమినా అనే ఏకకణ జీవిలో. 1978లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, జోసెఫ్ గాల్ ఆ పని చేశారు. అరిగిన కొసల్ని మళ్లీ పొడిగించే టెలోమరేజ్ ఎంజైమ్ జాడ కరోల్ గ్రైడర్‌కు దొరికింది కూడా దానిలోనే. ఆ రోజు 1984 డిసెంబర్ 25, క్రిస్మస్. బ్లాక్‌బర్న్, గ్రైడర్, జాక్ షోస్టాక్ ముగ్గురికీ 2009లో నోబెల్ బహుమతి వచ్చింది.

3. ఏడాదికి తరిగేది పిసరంత

పెద్దవాళ్ల తెల్లరక్తకణాల్లో టెలోమియర్ ఏటా తరిగేది సుమారు 20 నుంచి 30 బేస్ జతలే. మరి ఒకే ఏడు పుట్టిన ఇద్దరి మధ్య తేడా? వెయ్యి బేస్ జతలు ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ తేడాలో చాలాభాగం పుట్టుకతో వచ్చిందే. అందుకే పెద్దల్లో వయసుకూ టెలోమియర్ పొడవుకూ మధ్య పొంతన చాలా బలహీనం. మనుషుల మధ్య కనిపించే తేడాల్లో పదోవంతుకైనా వయసు లెక్క చెప్పలేదు.

ఇప్పుడు ఓ చిన్న లెక్క వేద్దాం. ఒకరి టెలోమియర్ సగటు 6,500 బేస్ జతలనుకోండి. కొలతలో 5 శాతం పొరపాటు జరిగితే 325 బేస్ జతలు అటో ఇటో అవుతాయి. ఏడాదికి 25 చొప్పున తరిగితే అది 13 ఏళ్ల తరుగుదలతో సమానం. కట్టెలు తూచే కాటా మీద కాసు బంగారం తూచడమంటే ఇదే. వేలమందిని కలిపి సగటు తీస్తే ఈ పొరపాట్లు చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఒక్క మనిషి చేతిలో పెట్టే రిపోర్టులో ఆ వెసులుబాటు లేదు.

4. ఒకే డీఎన్ఏ, పది చోట్ల వేర్వేరు జవాబులు

వేర్వేరు దేశాల్లోని పది ప్రయోగశాలలకు ఒకే రకం డీఎన్ఏ నమూనాలు పంపి, ఏది ఎవరిదో చెప్పకుండా కొలిపించారు. ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఎవరివి పొడవు, ఎవరివి పొట్టి అనే వరుసలో ప్రయోగశాలలు చాలావరకు ఏకీభవించాయి. అసలు అంకెల దగ్గరే పేచీ వచ్చింది. సదరన్ బ్లాట్, స్టెలా అనే పద్ధతుల్లో ప్రయోగశాలల మధ్య తేడా సగటున 10 శాతం దాకా ఉంటే, క్వాంటిటేటివ్ పీసీఆర్‌లో 20 శాతం దాటింది. పీసీఆర్‌నే తప్పుపట్టాలా, ఈ పోలిక జరిపిన తీరులోనే లోపముందా అని పెద్ద వాదనే నడిచింది. కొలతలకు ఒక ఒరవడి తేవడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల తోడ్పాటుతో 2019లో టెలోమియర్ రీసెర్చ్ నెట్‌వర్క్ మొదలైంది.

5. ఆ అంకెకు యూనిట్లే ఉండవు!

కరోనా రోజుల్లో పీసీఆర్ అన్నమాట ఇంటింటా వినిపించింది. టెలోమియర్ పరిశోధనలో అది 2002లోనే అడుగుపెట్టింది. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ కాథన్ ఆ పద్ధతిని రూపొందించారు. నమూనాలో టెలోమియర్ వరుస ఎంతుందో ఒకవైపు, మారకుండా ఉండే ఒక జన్యువు ఎంతుందో మరోవైపు చూసి, మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తారు. వచ్చేది టీ/ఎస్ నిష్పత్తి. ఉదాహరణకు 0.92 లేదా 1.10. ఇది బేస్ జతల లెక్క కాదు. ఆ ప్రయోగశాల తన కోసం ఎంచుకున్న ప్రామాణిక డీఎన్ఏతో పోలిక మాత్రమే. అక్కడి 0.92ను ఇంకోచోటి 0.92 పక్కన పెట్టి చూడటం కుదరదు.

అయినా దీన్నే ఎందుకు వాడతారంటే, సదరన్ బ్లాట్‌కు మైక్రోగ్రాముల్లో మంచి డీఎన్ఏ కావాలి, రోజులు పడుతుంది. పీసీఆర్‌కు అందులో చిన్న వంతు చాలు, వేల నమూనాలు చకచకా అయిపోతాయి. అమెరికాలో జాతీయ ఆరోగ్య, పోషకాహార సర్వేలో 1999-2002 మధ్య సేకరించిన 7,800 పైచిలుకు మంది డీఎన్ఏను ఈ పద్ధతిలోనే కొలిచారు. ఆ సర్వేలో నిష్పత్తిని బేస్ జతల్లోకి మార్చే సూత్రం: 3,274 + 2,413 × టీ/ఎస్. ఈ సూత్రం ఆ ప్రయోగశాలదే. దాన్ని ఇంకెక్కడి అంకెలకైనా అతికిస్తే వచ్చే బేస్ జతలు నమ్మదగ్గవి కావు.

6. లక్షల ఏళ్ల నాటి అతుకూ లెక్కలోకి వస్తుంది

చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. మన పూర్వీకుల్లో రెండు క్రోమోజోములు కొసలు కలిసి అతుక్కుని నేటి రెండో క్రోమోజోమ్ అయ్యాయి. ఆ అతుకు దగ్గర పాత టెలోమియర్ వరుసల అవశేషాలు ఇప్పటికీ ఎదురుబదురుగా ఉన్నాయి. క్రోమోజోముల నడుమ ఇలాంటి ముక్కలు ఇంకా కొన్ని ఉన్నాయి. పీసీఆర్‌కు కొస ఏదో, నడుమ ఏదో తెలియదు. అన్నిటినీ కలిపి లెక్కిస్తుంది. సదరన్ బ్లాట్‌దీ మరో రకం ఇబ్బంది. టెలోమియర్‌కు ఆనుకుని ఉన్న కొంత భాగాన్ని కూడా అది పొడవులో కలిపేస్తుంది. ఆ అదనపు భాగం ఎంతన్నది ఏ ఎంజైమ్‌తో డీఎన్ఏను కోశారన్నదాన్ని బట్టి మారుతుంది.

7. కొలిచేది గుండెను కాదు, తెల్లరక్తకణాల్ని

గుండెజబ్బుకు, మతిమరుపుకు, ఒత్తిడికి టెలోమియర్‌తో సంబంధం ఉందని వార్తల్లో చదువుతాం. వేలమంది గుండెలోంచో మెదడులోంచో ముక్క తీయలేరు కదా! అందుకే జనాభా అధ్యయనాల్లో దాదాపు ఎప్పుడూ వాడేది రక్తం, లేదంటే లాలాజలం. రక్తంలోనూ తెల్లకణాలు ఒక రకం కాదు. లింఫోసైట్లు, న్యూట్రోఫిల్స్ వంటివి కలగలిసి ఉంటాయి. పాత రోగాల్ని గుర్తుపెట్టుకునే మెమరీ టీ-కణాల టెలోమియర్లు, ఇంకా ఏ క్రిమినీ చూడని టీ-కణాల కంటే పొట్టి. జ్వరమో ఇన్‌ఫెక్షనో వచ్చి ఈ కణాల పాళ్లు మారితే, ఏ కణంలోనూ టెలోమియర్ అరగకపోయినా సగటు మారిపోతుంది. లాలాజలంలో తెల్లకణాలతోపాటు బుగ్గ లోపలి పొర కణాలు కూడా ఉంటాయి. వాటి పాళ్లు మనిషికీ మనిషికీ వేరు. అందుకే రక్తంతో చేసిన అధ్యయనాన్నీ లాలాజలంతో చేసినదాన్నీ ఒకే గాటన కట్టేయలేం.

8. గదిలో తేమకూ లెక్క చెప్పాల్సిందే

డీఎన్ఏను రక్తంలోంచి ఏ కిట్‌తో వేరుచేశారన్నదాన్ని బట్టి కూడా పీసీఆర్ ఫలితం మారుతుంది. జబ్బున్నవారి డీఎన్ఏను ఒక పద్ధతిలో, ఆరోగ్యవంతులది మరో పద్ధతిలో తీస్తే, జబ్బుతో నిమిత్తం లేకుండానే రెండు గుంపుల మధ్య తేడా పుట్టుకొస్తుంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంక్‌లో 4,74,074 మంది టెలోమియర్లను లెస్టర్ విశ్వవిద్యాలయ బృందం కొలిచింది. పీసీఆర్ యంత్రం ఏది, ఎంజైమ్ ఏ బ్యాచ్‌ది, పని చేసిన మనిషి ఎవరు, గదిలో వేడి ఎంత, తేమ ఎంత అన్నవి కూడా ఫలితాన్ని కదిలిస్తున్నాయని గమనించి, వాటి ప్రభావాన్ని తీసేశాకే అంకెల్ని విశ్లేషణకు ఇచ్చింది. ఇంత జాగ్రత్త చిన్న అధ్యయనాల్లో అన్నివేళలా సాధ్యపడదు.

9. ‘పెరిగిన’ టెలోమియర్లు

ఒకే మనిషిని కొన్నేళ్ల తేడాతో రెండుసార్లు పరీక్షిస్తే, కొందరిలో టెలోమియర్ పొడవు పెరిగినట్టు తేలుతుంది. ఇది నిజమైన పెరుగుదలా? రెండు పరీక్షల మధ్య కాలం తక్కువైతే అసలు తరుగుదల కంటే కొలత పొరపాటే పెద్దది, కాబట్టి ఇలాంటి పెరుగుదలల్లో చాలావరకు కొలత సృష్టించినవేనని 2013లో ఒక పరిశోధక బృందం లెక్కలతో వాదించింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటిసారి పొరపాటున మరీ పొట్టిగా వచ్చిన కొలత రెండోసారి సగటు వైపు జరుగుతుంది. మరీ పొడుగ్గా వచ్చింది కిందికి దిగుతుంది. ఇది తెలియకపోతే ‘పొడవైన టెలోమియర్లు త్వరగా అరుగుతాయి’ అనే తప్పుడు సూత్రం తయారవుతుంది. ఆహారం, వ్యాయామం, ధ్యానంతో టెలోమియర్లు పెరిగాయన్న 2013 నాటి ప్రసిద్ధ అధ్యయనంలో ఆ జీవనశైలి పాటించింది పదిమంది. పోలికకు తీసుకున్నది 25 మందిని. పెద్ద ఎత్తున పరీక్షించి చూడాలని దాన్ని చేసినవారే రాశారు. ఆ మాట మాత్రం ప్రచారంలో జారిపోయింది.

10. అంతరిక్షంలో పొడుగు, నేల మీద పొట్టి

అమెరికా వ్యోమగామి స్కాట్ కెల్లీ 2015-16లో 340 రోజులు అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. ఆయన కవల సోదరుడు మార్క్ భూమ్మీదే ఉండిపోయారు. స్కాట్ తెల్లరక్తకణాల్లో టెలోమియర్లు అక్కడ ఉన్నంతకాలం పొడుగయ్యాయి, తిరిగొచ్చిన వెంటనే గబగబా పొట్టిబడ్డాయి. అంతరిక్షవాసం యవ్వనాన్ని ఇస్తుందని దీన్నిబట్టి ఎవరూ అనరు. పొడవు పెరగడమొక్కటే ఆరోగ్యానికి రుజువు కాదని మాత్రం ఇది గట్టిగానే చెబుతుంది.

11. 75 దాటాక టెలోమియర్లు పెరుగుతాయా?

అమెరికాలో లక్షమందికి పైగా లాలాజల నమూనాలు పరీక్షించిన ఒక అధ్యయనంలో వింత కనిపించింది. 75 ఏళ్లదాకా వయసుతోపాటు సగటు పొడవు తగ్గుతూ వచ్చింది. ఆ తర్వాత పెరగడం మొదలుపెట్టింది! ఎవరి టెలోమియరూ వెనక్కి పెరగనక్కర్లేదు. పొట్టి టెలోమియర్లున్నవారిలో ఎక్కువమంది అప్పటికే చనిపోయి ఉంటే, మిగిలినవారి సగటు దానంతటదే పెరుగుతుంది. వృద్ధుల మీద చేసే ఏ సర్వేకైనా ఈ బెడద తప్పదు. సర్వేవాళ్లు తలుపు తట్టేనాటికి బతికున్నవారే లెక్కలో ఉంటారు.

12. నాన్న వయసూ చూడాలి

తండ్రి ఎంత ఆలస్యంగా పిల్లల్ని కంటే ఆ పిల్లల టెలోమియర్లు సగటున అంత పొడవుంటాయి. మగవారి వీర్యకణాల్లో టెలోమియర్లు వయసుతోపాటు పొడుగవుతూ పోవడమే దీనికి కారణమని భావిస్తున్నారు. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో జరిగిన అధ్యయనంలో తాత, అంటే నాన్నకు నాన్న, ఏ వయసులో తండ్రయ్యాడన్నది కూడా మనవల టెలోమియర్ పొడవులో కనిపించింది. 2012లో ఇది అచ్చయింది.

జనాభా పరిశోధనకు దీంతో ఎంత చిక్కో చూడండి. బాగా చదువుకున్న కుటుంబాల్లో పెళ్లిళ్లు, కాన్పులు ఆలస్యమైతే, వాళ్ల పిల్లల టెలోమియర్లు ఆ కారణంగానే కాస్త పొడవుండొచ్చు. తండ్రి వయసు అడగని సర్వే దాన్ని చదువు వల్ల వచ్చిన ఆరోగ్యమని రాసుకుంటుంది.

13. స్త్రీలకు పొడవు, ఆఫ్రికా సంతతికీ పొడవు

సగటున ఆడవారి టెలోమియర్లు మగవారికంటే పొడవు. ఆడవారి ఆయుష్షు కూడా ఎక్కువే కాబట్టి ఇది చక్కగా అతికినట్టుంటుంది. అమెరికాలో నల్లజాతివారి టెలోమియర్లు కూడా తెల్లజాతివారికంటే సగటున పొడవే. కానీ అక్కడ వాళ్ల సగటు ఆయుష్షు తక్కువ. వేర్వేరు సంతతుల వారిని ఒకే వరుసలో నిలబెట్టి పొడవు చూసి ఆరోగ్యం అంచనా వేయడం ఎంత పొరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు. ఇక జంతువులకు వెళితే లెక్క మరీ తలకిందులు. ప్రయోగశాల ఎలుక టెలోమియర్లు మనకంటే ఎన్నోరెట్లు పొడవు, అది బతికేది రెండు మూడేళ్లు.

14. పొడవైతే మంచిదన్న మాట నిలబడలేదు

పొట్టి టెలోమియర్ జబ్బుకు కారణమా, జబ్బు వల్ల టెలోమియర్ పొట్టిబడిందా? మామూలు సర్వే దీన్ని తేల్చలేదు. అందుకే పరిశోధకులు జన్యువుల్ని ఆశ్రయించారు. కొందరు పుట్టుకతోనే పొడవైన టెలోమియర్లనిచ్చే జన్యు భేదాలతో వస్తారు. ఆ భేదాలు జబ్బుకు ముందే ఉన్నవి కాబట్టి కారణమేదో, ఫలితమేదో విడదీయడం సులువు. 2017లో ఇలా 83 జబ్బుల్ని పరిశీలించినప్పుడు రెండంచుల ఫలితం వచ్చింది. పొడవైన టెలోమియర్ల జన్యువులున్నవారికి గుండె ధమనుల జబ్బు ముప్పు తక్కువ. మెదడులో వచ్చే గ్లయోమా, చర్మానికి వచ్చే మెలనోమా, ఊపిరితిత్తుల అడినోకార్సినోమా వంటి క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. ఎక్కువసార్లు చీలగల కణానికి తప్పులు పోగేసుకునే వ్యవధి కూడా ఎక్కువే మరి.

జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ బృందం 2023లో పీఓటీ1 జన్యువులో మార్పులున్న కుటుంబాల గురించి రాసింది. వాళ్ల టెలోమియర్లు బాగా పొడవు. కొందరికి 70 ఏళ్లొచ్చినా జుట్టు నెరవలేదు. కానీ ఆ కుటుంబాల్లో రకరకాల కణుతులు, రక్తకణాల్లో ఒకే మూలం నుంచి పుట్టిన కణాలు పెచ్చుపెరగడం ఎక్కువగా కనిపించాయి.

15. 143 మందితో మొదలైన పేరు

టెలోమియర్‌ను ప్రజారోగ్య పరిశోధనలోకి తెచ్చిన అధ్యయనాలు చాలా చిన్నవి. 2003లో కాథన్ బృందం యూటాలో 60 ఏళ్లు దాటిన 143 మందిని చూసి, పొట్టి టెలోమియర్లున్నవారిలో గుండెజబ్బు మరణాలు మూడురెట్లకు పైగా ఎక్కువని రాసింది. 2004లో ఎలిస్సా ఎపెల్, బ్లాక్‌బర్న్ బృందం 58 మంది తల్లులను పరీక్షించి, అత్యధిక ఒత్తిడి అనుభవిస్తున్నవారిలో కనీసం పదేళ్ల అదనపు వయసుకు సమానమైన తేడా ఉందని చెప్పింది. మన దేశంలోనూ 2005లో చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ పరిశోధకులు టైప్-2 మధుమేహులలో టెలోమియర్లు పొట్టిగా ఉన్నాయని చూపించారు. ఆ తర్వాత జరిగిన భారీ అధ్యయనాల్లో సంబంధాలు పూర్తిగా మాయం కాలేదు కానీ, చాలా పలచబడ్డాయి.

భారీ అధ్యయనమైనంత మాత్రాన జనమంతా అందులో ఉన్నట్టు కాదు. యూకే బయోబ్యాంక్ 40-69 ఏళ్ల వయసున్న సుమారు 92 లక్షల మందికి ఆహ్వానాలు పంపితే వచ్చినవారు నూటికి ఐదారుగురే. వారిలో అత్యధికులు తెల్లజాతివారు, సగటు బ్రిటన్ పౌరుడికంటే ఆరోగ్యవంతులు. అక్కడి అంకెను గుంటూరుకో వరంగల్‌కో యథాతథంగా తెచ్చుకోలేం.

16. ఒక్క మనిషికీ పనికొచ్చే చోటుంది

డిస్కెరటోసిస్ కంజెనిటా వంటి అరుదైన వంశపారంపర్య జబ్బుల్లో టెలోమియర్లు అతి పొట్టిగా ఉంటాయి. ఎముక మజ్జ దెబ్బతింటుంది, ఊపిరితిత్తులు గట్టిపడతాయి. ఇక్కడ డాక్టర్లు ఫ్లో-ఫిష్ అనే పద్ధతిని వాడతారు. ఇది ఒక్కో రకం తెల్లకణాన్ని వేరుగా చూస్తుంది. అదే వయసున్న ఆరోగ్యవంతులు నూరుమందిలో అట్టడుగువాడికంటే పొట్టి అని తేలితే అనుమానం బలపడుతుంది. మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే మందుల మోతాదు, ఇంట్లో ఎవరు దాతగా పనికొస్తారన్న నిర్ణయం దీన్నిబట్టి మారతాయి. తేడా అంత పెద్దది కాబట్టే ఇక్కడ ఒక్క మనిషి కొలతకూ విలువ ఉంది. వెల్‌నెస్ ప్యాకేజీల్లో అమ్మే ‘టెలోమియర్ వయసు’కు ఆ బలం లేదు. ఇలాంటి పరీక్షలు జనానికి అమ్మడం వల్ల ప్రయోజనం లేదని టెలోమరేజ్‌ను కనిపెట్టిన గ్రైడరే బాహాటంగా అన్నారు.

17. ఇప్పుడు ఏ కొసకా కొస

ఇంతకాలం కొలిచింది 92 కొసల సగటు. కణాన్ని ఆపేది సగటు కాదు, బాగా పొట్టిబడిన కొన్ని కొసలే. నానోపోర్ యంత్రంతో డీఎన్ఏను పొడవాటి పోగులుగా చదివి, ఏ క్రోమోజోమ్ కొస ఎంతుందో విడివిడిగా చెప్పే పద్ధతిని గ్రైడర్ బృందం 2024లో ప్రకటించింది. 147 మందిలో చూస్తే, ఒకే మనిషిలో రెండు కొసల మధ్య తేడా 6 వేల బేస్ జతలు దాటిన సందర్భాలున్నాయి. ఈ పద్ధతి చవకై లక్షలమందికి అందితే పాత ప్రశ్నల్లో కొన్నిటిని కొత్తగా అడగొచ్చు. తండ్రి వయసు, కణాల పాళ్లు, బతికున్నవారే లెక్కలోకి రావడం వంటి చిక్కులు మాత్రం యంత్రం మార్చినంత మాత్రాన పోవు.

టెలోమియర్ వార్త కనబడితే ఈ ఐదూ అడగండి

- ఎంతమందిని పరీక్షించారు? ఎక్కడివారిని?
- ఏ పద్ధతిలో కొలిచారు? పొరపాటు ఎంత శాతం?
- రక్తమా, లాలాజలమా? కణాల పాళ్లు లెక్కలోకి తీసుకున్నారా?
- ఒకసారి కొలిచారా, ఏళ్ల తేడాతో మళ్లీ కొలిచారా?
- చెబుతున్నది గుంపు సగటు గురించా, మీ ఒక్కరి గురించా?

చివరి ప్రశ్నకు ‘మీ ఒక్కరి గురించే’ అన్న జవాబొచ్చి, దాని పక్కనే ఒక ధర కూడా ఉంటే, ఆ డబ్బు రక్తపోటు, షుగరు పరీక్షలకు పెట్టడం మేలు. వాటి అంకెలకు అర్థమేమిటో, ఎక్కువైతే ఏం చేయాలో మీ ఊరి డాక్టరుకు తెలుసు.